తూర్పు సరిహద్దులో ఎర్ర గుండీ

ఆ ఎర్ర గుండీ పొరపాటున పడిందని తెలిసిన రోజు చాలా భయపడ్డానని మావయ్యతో చెప్పాను. భయపడిన మాట నిజమే. కానీ అది తరవాత. మొదట నా గది తలుపు గడియ వేసుకుని, మంచం మీద బోర్లా పడుకుని, దిండులో మొహం దాచుకుని పావుగంట నవ్వాను. డిగ్రీ పాసైనప్పుడు కూడా అంత సంతోషం కలగలేదు. ఈ సంగతి మావయ్యకు చెప్పలేదు, అత్తయ్యకు చెప్పలేదు. రోజూ డైరీ రాసే అలవాటున్నదాన్ని, ఆ పావుగంట గురించి డైరీలో కూడా రాయలేదు.

గుండీ ఏమిటో, అది ఎక్కడ పడిందో తెలియాలంటే ముందు ఆట గురించి చెప్పాలి.

మాది తెనాలి. నేను బాపట్లలో ఒక కాలేజీ లైబ్రరీలో పని చేస్తాను. రోజూ రైల్లో వెళ్ళి వస్తాను. ఆదివారం మాత్రం రేపల్లె పాసింజరు ఎక్కి మా మేనత్త ఇంటికి వెళ్తాను. మావయ్య అక్కడ హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. రిటైరైన కొత్తలో ఆయన రోజూ స్కూలు టైముకి ఇస్త్రీ చొక్కా వేసుకుని వరండాలో కుర్చీలో కూర్చునేవారు. వెళ్ళడానికి చోటు లేదు. కాసేపు పేపర్లో తప్పులు దిద్ది, అవి అయిపోయాక ఇంట్లోకి వచ్చేవారు. ఒకరోజు అత్తయ్య నాకు ఫోన్ చేసింది.

“ఏదో ఒక వ్యాపకం చూడవే మీ మావయ్యకి. నా పప్పుచారుకి పదికి ఆరు వేశారు.”

అదే వారం తెనాలిలో నేను ఎప్పుడూ తిరిగే పాత పుస్తకాల కొట్లో, పోటీ పరీక్షల గైడ్ల కింద, టీపాయి అంత పెట్టె ఒకటి కనిపించింది. ప్రపంచ యుద్ధం ఆట. లోపల మడత పెట్టిన పెద్ద ప్రపంచ పటం, ప్లాస్టిక్ సిపాయిలు, ట్యాంకులు, విమానాలు, ఓడలు, పాచికలు ఉన్నాయి. చరిత్ర మాస్టారికి ఇంతకంటే ఏం కావాలి అనుకుని కొనేశాను.

ఆట చెప్పడానికి తేలికే. ఒక పక్షం జర్మనీ, జపాను. రెండో పక్షం రష్యా, బ్రిటన్, అమెరికా. ఎవరి చేతిలో ఉన్న భూమిని బట్టి వాళ్ళకి రాబడి. దానితో వంతు వచ్చినప్పుడల్లా కొత్త సిపాయిల్నో ఓడల్నో కొనుక్కుని, ముందుకు నడిపి, ఎదురుపడ్డచోట పాచికలు వెయ్యాలి. ఎలా చూసినా ఆటంతా మాస్కో చుట్టూ తిరుగుతుంది. అమెరికా ఓడలు సముద్రం దాటి వచ్చేలోపు జర్మనీ మాస్కో తీసుకుందా, గెలిచినట్టే. అప్పటిదాకా రష్యా నిలబడిందా, జర్మనీ పని అయిపోయినట్టే.

“జర్మనీ నాది,” అన్నారు మావయ్య మొదటిరోజే.

“ముప్పై ఏళ్ళు పిల్లలకి వాళ్ళు చేసింది తప్పని చెప్పి చెప్పి, ఇప్పుడు వాళ్ళ కుర్చీలో కూర్చుంటారేంటండీ?” అంది అత్తయ్య.

“ఇది పటం మీద నల్లబొమ్మల దేశమే. దానికీ పాఠానికీ సంబంధం లేదు. నువ్వు అమెరికా తీసుకో.”

“నాకు వంటుంది.”

“అమెరికాకి మొదటి మూడు రౌండ్లూ ఏం పనుండదు. వండుకుంటూ ఆడొచ్చు.”

అలా అమెరికా వంటింట్లో స్థిరపడింది. అత్తయ్య తన వంతు వచ్చినప్పుడు తిరగమోత చప్పుళ్ళ మధ్య నుంచి కేకేసేది: “రెండు ఓడలు కొనవే! ఎక్కడో ఒకచోట పెట్టు!” నేను కొని పెట్టేదాన్ని. రష్యా, బ్రిటన్ కూడా నావే. జపాను మాత్రం మావయ్య స్నేహితుడైన ఒక టైలర్ గారిది. రేపల్లెలో మావయ్య చొక్కాలన్నీ ఆయన కుట్టినవే. ఆదివారం కొట్టు కట్టేసి, మావయ్య చర్చి నుంచి వచ్చేసరికి ఆయన వరండాలో సిద్ధంగా ఉండేవారు. నేను బాబాయ్ గారూ అంటాను. రంజాన్ నెలలో కూడా ఆయన ఒక్క ఆదివారం మానలేదు. “జపాను ఇవాళ టీ తాగదు చెల్లెమ్మా,” అని వంటింటి వైపు చెప్పి, పసిఫిక్ సముద్రంలోకి ఓడలు వదిలేవారు.

పెట్టెలో ఒక లోటు ఉంది. ఒక్కో చోట పదిమంది సిపాయిలుంటే పది బొమ్మలు పట్టవు కాబట్టి, ఒక బొమ్మ నిలబెట్టి కింద బిళ్ళలు పెడతారు. తెల్లబిళ్ళ ఒకరికి లెక్క, ఎర్రబిళ్ళ ఐదుగురికి. ఆ బిళ్ళలన్నీ పోయాయి. బాబాయ్ గారు కొట్టుకెళ్ళి గుప్పెడు గుండీలు తెచ్చారు. చొక్కాలవి తెల్లవి, ఏదో ఆడపిల్ల కోటుకి తెప్పిస్తే మిగిలిపోయిన ఎర్రవి.

“జర్మనీ సైన్యానికి గుండీలు రేపల్లె నుంచి సప్లై,” అన్నారు మావయ్య.

బల్ల మీద బొమ్మలు పేర్చడం నా పని. స్కూల్లో కూడా మావయ్య పద్ధతి అదే. బోర్డు మీద పటం వేసేది పిల్లలు, పాఠం చెప్పేది ఆయన. పెట్టెలో ఒక్కో దేశానికి ఒక్కో కార్డు ఉంది. ఎక్కడ ఎన్ని పెట్టాలో దాన్ని చూసి పేరుస్తూ వచ్చాను. జర్మనీ తూర్పు సరిహద్దు దగ్గరికి వచ్చేసరికి తెల్లగుండీలు అయిపోవచ్చాయి. అక్కడ ముగ్గురు సిపాయిలుండాలి, అంటే ఒక బొమ్మ, రెండు తెల్లగుండీలు. చేతిలో ఒకటే తెల్లది ఉంది. ఇప్పటికి ఉండనీ, తరవాత మారుద్దామని రెండోదాని బదులు ఎర్రది పెట్టాను. ఆ తరవాత అత్తయ్య ఉల్లిపాయలు తరగమని పిలిచింది.

ఆ సాయంత్రం ఆట మొదలయ్యేముందు, బల్ల మీద ఉన్నది ఉన్నట్టు నా డైరీలో బొమ్మ గీసుకున్నాను. కార్డులు అప్పటికే చెమ్మకి అంటుకుపోయి విడదీస్తే చిరిగిపోతున్నాయి. మరుసటి ఆదివారం నుంచి మా అందరికీ నా డైరీయే ప్రమాణం. అందులో తూర్పు సరిహద్దున ఎర్రగుండీ ఉంది. ముగ్గురు ఏడుగురయ్యారు. నాకే గుర్తులేదు, ఇంకెవరికి తెలుస్తుంది?

ఇక యుద్ధాల సంగతి. మావయ్య మొదటి ఎత్తు ఎప్పుడూ ఒక్కటే. సముద్రంలో బ్రిటన్ ఓడల్ని సబ్‌మెరైన్లతో ముంచేసి, తూర్పు సరిహద్దు నుంచి ఉన్నవాళ్ళందరినీ ఒక్కసారిగా ఉక్రెయిన్‌లోకి తోసేవారు. ఆయనకి దాచిపెట్టుకోవడం తెలీదు. పక్కనుంచి బాబాయ్ గారు “మాస్టారూ, ఇంటి దగ్గర ఒకణ్ణయినా ఉంచండి,” అనేవారు. “ఇంటి దగ్గర మీ చెల్లెమ్మ ఉంది,” అనేవారు మావయ్య.

నా మొదటి ఎత్తు వెనక్కి రావడం. ఈ ఆటలో సిపాయి దాడికి వెళ్తే పాచిక మీద ఒకటి పడితేనే ఎదుటివాడి బొమ్మ పోతుంది. కదలకుండా కాచుకుంటే ఒకటి పడినా రెండు పడినా పోతుంది. అంటే నిలబడ్డవాడికి బలం రెట్టింపు. ట్యాంకులు చూడ్డానికి బాగుంటాయి గానీ ఖరీదు. అందుకని నేను ట్యాంకుల జోలికి పోకుండా ఉన్నదంతా పెట్టి సిపాయిల్నే కొని, సరిహద్దులో ఉన్నవాళ్ళందరినీ మాస్కో ముందుకి లాగేసి గుంపుగా నిలబెట్టేదాన్ని. పెళ్ళిళ్ళలో గోడ వారగా నిలబడి, ఎవరైనా పలకరిస్తే ఇంకో అడుగు గోడలోకి జరిగే మనిషిని నేను. ఈ ఎత్తు నాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

అయినా ఓడిపోయేదాన్ని. ప్రతిసారీ ఆరో రౌండులో మావయ్య మాస్కోలో అడుగుపెట్టేవారు. చివరి పాచిక పడగానే జేబురుమాలు తీసి, లడ్డూ తిన్నవాడిలా మూతి తుడుచుకునేవారు. తరవాత పాఠం ఉండేది.

“కోడలా, నీ తప్పేంటో తెలుసా? ధైర్యం చాలదు. రష్యా అలా ముడుచుకుని కూర్చోకూడదు.”

“సరేనండి.”

“సరేనండి అనకూడదు. ఎందుకండి అని అడగాలి.”

“సరేనండి.”

రెండేళ్ళ కిందట మా లైబ్రరీలో పనిలేని ఒక మధ్యాహ్నం, ఫోన్లో ఈ ఆట గురించి వెతికాను. దేశదేశాల వాళ్ళు దీని మీద వాదించుకుంటున్నారు. ఏ పక్షానికి మొగ్గుంది, మొదటి రౌండులో రష్యా కదలాలా వద్దా అని పేజీలకు పేజీలు రాశారు. ఒకతను కార్డులన్నీ ఫోటోలు తీసి పెట్టాడు. ఊరికే జర్మనీ కార్డు పెద్దది చేసి చూశాను. తూర్పు సరిహద్దు, సిపాయిలు, మూడు.

ఇంటికి వెళ్ళి డైరీలు తీశాను. ప్రతి ఆదివారం చివర్లో మాస్కోలో మావయ్యకు ఎందరు మిగిలారో రాసుకోవడం నా అలవాటు. ఇద్దరు. ఒక్కడు. ముగ్గురు. ఇద్దరు. ఎన్ని పేజీలు తిప్పినా ముగ్గురికి మించలేదు. నేను ఓడిపోయిన ప్రతి యుద్ధమూ ఆ నలుగురి తేడాలోనే ఓడిపోయాను. అప్పుడే తలుపు గడియ వేసుకున్నాను.

నవ్వు అయిపోయాక భయం వేసింది. మావయ్య తన గెలుపుల గురించి చర్చిలో పాస్టరు గారికి చెప్పారు, పాల అతనికి చెప్పారు, పాత విద్యార్థులకు ఫోన్లు చేసి మరీ చెప్పారు. వరండా కుర్చీ ఖాళీ అయి ఏడాదిన్నర అయింది. అత్తయ్య పప్పుచారుకి మార్కులు పడటం లేదు. ఇప్పుడు వెళ్ళి ఏమని చెప్పను?

చెప్పకుండా దిద్దేద్దాం అనుకున్నాను. ఆ ఆదివారం ఎర్రగుండీ తీసి, ఇంటి నుంచి తెచ్చుకున్న తెల్లది పెట్టాను. మావయ్య కుర్చీ లాక్కుని కూర్చుంటూనే కళ్ళజోడు సవరించుకున్నారు.

“ఇక్కడ ఎర్రగుండీ ఉండాలే?”

“ఆ... మర్చిపోయినట్టున్నానండి.”

“నిద్ర చాలలేదా ఏంటి? రాత్రంతా పుస్తకాలు చదివితే ఇంతే,” అని ఆయనే డబ్బాలోంచి ఎర్రగుండీ ఏరి, ముద్దుగా దాని చోట పెట్టారు.

ఇంకో దారి వెతికాను. ఫోన్లో వాదించుకునేవాళ్ళు ఒక పద్ధతి పాటిస్తారు. జర్మనీ వైపు మొగ్గుందనుకుంటే, ఎదుటి పక్షానికి ఆట మొదలయ్యేముందే కొందరు సిపాయిల్ని అదనంగా ఇస్తారు. ఎంతమందన్నది పాట పెట్టి తేల్చుకుంటారు. ‘ఆ పక్షం నేను తీసుకుంటాను, ఆరుగురినివ్వండి’ అని ఒకరంటే, ‘నాకు ఐదుగురు చాలు’ అని ఇంకొకరు. ఎవరు తక్కువ అడిగితే ఆ పక్షం వాళ్ళది. పాట నలుగురి దగ్గర ఆగితే చాలు, ఎవరికీ తెలియకుండా లెక్క సరిపోతుంది. మూడు రోజులు ప్రాక్టీసు చేసుకుని, ఆదివారం భోజనాలయ్యాక గబగబా చెప్పేశాను.

“వేలంపాటా!” అంటూ అత్తయ్య చెయ్యి తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చేసింది. అమెరికా తనంతట తాను బల్ల దగ్గరికి రావడం అదే మొదటిసారి.

ఇక్కడ అత్తయ్య గురించి ఒక మాట చెప్పాలి. మా చర్చిలో ఏటా కోతపండగ రోజున అందరూ తెచ్చిన గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్ళు ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. పాట మొదలైతే అత్తయ్య ఆగదు. చివరి మాట తనదే కావాలి. ఒక ఏడు తను ఇచ్చిన గుమ్మడికాయనే పాడుకుని ఇంటికి తెచ్చుకుంది. నేను ఈ సంగతి మర్చిపోయాను.

“ఆరుగురండి,” అన్నాను నేను.

“ఆరుగురెందుకు? నేనైతే ఐదుగురితో ఆ పక్షం ఆడి చూపిస్తా,” అన్నారు మావయ్య కాలు మీద కాలు వేసుకుని.

“నలుగురు!” అంది అత్తయ్య.

నాకు కావలసింది సరిగ్గా అంతే. అక్కడ ఆగమని బల్ల కింద నుంచి ఆవిడ చీర కొంగు లాగాను.

“ముగ్గురు,” అన్నారు మావయ్య.

“రెండు! ఆగవే, మధ్యలో లాగుతావేంటి?”

“ఒకటి.”

“ఊరికే! మాకు ఒక్కడు కూడా అక్కర్లేదు!”

బాబాయ్ గారు బల్ల మీద అరచేత్తో కొట్టారు. “ఒకటోసారి, రెండోసారి, మూడోసారి! చెల్లెమ్మ గారికి!”

“చూశావా ఎలా కొట్టేశానో!” అని అత్తయ్య నా వీపు తట్టి, గెలిచిన ఆనందంలో వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజు మావయ్య మాస్కోలో ఒక్కడితో మిగిలారు.

ఆ తరవాత నేను ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు బాగా అలవాటైన పని. అలా మరో ఏడాదిన్నర గడిచింది. ఆ రోజు ఆ ఫోను రాకపోతే ఇంకా ఊరుకునే ఉండేదాన్ని.

ఫోను చేసినతను మావయ్య పాత శిష్యుడు, బాపట్లలో లెక్చరర్. తనూ, తన స్నేహితులూ నెలకోసారి ఇదే ఆట ఆడతారట, కొత్త సెట్టు తెప్పించుకున్నారట, సార్ ఒకసారి రావాలట. మావయ్య మొహం వెలిగిపోయింది. స్పీకర్లో పెట్టి మా అందరికీ వినిపించేలా మాట్లాడారు.

“వస్తాను, కానీ జర్మనీ నాకే ఇవ్వాలి. ఆరు రౌండ్లలో మాస్కో తీసుకుంటాను. తీసుకోలేకపోతే ఇక జన్మలో ఈ బోర్డు ముట్టను, సరేనా!”

“మాస్టారూ, ఒట్లెందుకండీ?” అన్నారు బాబాయ్ గారు.

“పోనివ్వండన్నయ్య గారూ, నా డైనింగ్ టేబుల్ నాకు మిగులుతుంది,” అంది అత్తయ్య. కానీ ఆవిడ కూడా చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

మావయ్య మాట అంటే అంతే. ఒకసారి కాఫీ మానేస్తానని పదిమందిలో అన్నందుకు ఇప్పటికీ టీ తాగుతున్నారు. బాపట్లలో కార్డు ప్రకారం పేరుస్తారు. తూర్పు సరిహద్దున ముగ్గురే ఉంటారు. ఆయన అలవాటు ప్రకారం ఏడుగురున్నట్టు ఉక్రెయిన్ మీద పడతారు. పాత శిష్యుల ముందు, మూడో రౌండుకే అయిపోతుంది. తరవాత ఆదివారాలు ఉండవు. ఆయనకి వరండా కుర్చీ. నాకు వారంలో నాలుగు మాటలు పైకి మాట్లాడే బల్ల ఒక్కటే ఉంది, అదీ పోతుంది.

బయల్దేరాల్సిన ఆదివారం ముగ్గురూ రేపల్లె పాసింజర్లో తెనాలి దిగారు. నేను ప్లాట్‌ఫాం మీద కలిశాను. అత్తయ్య పులిహోర డబ్బా, బాబాయ్ గారు ఎందుకైనా మంచిదని గుండీల డబ్బా. మావయ్య కొత్త చొక్కా. బాపట్ల బండిలో ఎదురెదురు సీట్లు దొరికాయి. చుండూరు దాటేదాకా నోరు తెరవడానికి ప్రయత్నించాను. ‘మావయ్యా’ వరకు వచ్చింది.

“ఏంటమ్మా?”

“ఏం లేదండి.”

ఇంక లాభం లేదని బ్యాగులోంచి డైరీ తీసి, ఆ పేజీ తెరిచి ఆయన చేతిలో పెట్టాను. నా డైరీ ఇంకొకరి చేతిలోకి వెళ్ళడం అదే మొదలు. “కుడివైపు పేజీ చదవండి,” అన్నాను. అందులో గుండీ సంగతి, కార్డులో ఉన్న మూడు, నేను వరసగా రాసుకున్న ఒకట్లు రెండ్లు మూళ్ళు ఉన్నాయి. మావయ్య కళ్ళజోడు పెట్టుకుని చదివారు. మళ్ళీ చదివారు. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నారు. డైరీ మూసి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. నిడుబ్రోలు వచ్చింది, పోయింది.

“ఏంటండీ అలా అయిపోయారు? ఎవరైనా పోయారా?” అంది అత్తయ్య.

“నలుగురు,” అన్నారు మావయ్య.

“అయ్యో! ఎవరు మాస్టారూ?” అని బాబాయ్ గారు సీట్లోంచి లేచారు.

మావయ్య నా వైపు తిరిగి, “తెలిసి ఎన్నాళ్ళయింది?” అని అడిగారు.

“ఏడాదిన్నరపైనే అయిందండి.”

“మరి చెప్పలేదేం?”

“భయమేసిందండి.”

బండి అప్పికట్లలో ఆగింది. ఆయన కోపంగా ఉన్నారో బాధపడుతున్నారో నాకు అంతుపట్టలేదు. బండి కదిలాక, ఎవరికీ వినపడకుండా ముందుకు వంగి అడిగారు.

“లడ్డూ తిన్నవాడిలా మూతి తుడుచుకుంటానా నేను?”

ఎడమవైపు పేజీ కూడా చదివేశారన్నమాట. నేను కిటికీ ఊచలు పట్టుకుని బయట పొలాలు చూడసాగాను.

బాపట్లలో ఆ లెక్చరర్ ఇంట్లో మేడ మీద గదిలో బల్ల సిద్ధంగా ఉంది. బొమ్మలు తళతళలాడుతున్నాయి. అడుగున నిజమైన బిళ్ళలు. తూర్పు సరిహద్దున ముగ్గురే. మావయ్య అక్కడే చాలాసేపు చూశారు.

“సార్, మీరు జర్మనీ అన్నారు గానీ, మాకో పద్ధతుందండి,” అన్నాడు శిష్యుడు మొహమాటపడుతూ. “మిత్రపక్షానికి పాట పెట్టుకుంటాం. ఎవరు తక్కువమందిని అడిగితే...”

“తెలుసయ్యా, పాడండి.”

“ఎనిమిది,” అన్నాడతను.

“ఊరికే,” అన్నారు మావయ్య.

అత్తయ్య తలుపు దగ్గర ఆగిపోయింది. ఎనిమిది నుంచి ఊరికేకి ఒక్క గెంతులో దిగడం ఆవిడ కూడా ఎప్పుడూ చెయ్యలేదు.

“సార్, జర్మనీ వద్దాండి?”

“దొరికితే కదా మాస్కో తీసుకునేది. పాట ప్రకారం పోవాలి. బ్రిటన్ నేనాడతాను. రష్యా మా కోడలిది.”

“మావయ్యా, నా వల్ల కాదండి,” అన్నాను. కొత్తవాళ్ళు ఐదారుగురు నన్నే చూస్తున్నారు.

“ఏడుగురున్న జర్మనీని మూడేళ్ళు ఆరో రౌండు దాకా ఆపినదానివి. ఇక్కడ ముగ్గురే. ఇంట్లో చేసేదే ఇక్కడా చెయ్యి. కాకపోతే కాస్త పైకి వినపడేలా చెయ్యి.”

అవతల అందరికీ జర్మనీయే కావాలి, జపాను ఎవరికీ వద్దు. జపాను ఆడటానికి బాబాయ్ గారిని పిలుచుకున్నారు. “ఇన్నేళ్ళకి మాస్టారికి ఎదురుగా కూర్చున్నా. ప్రాణానికి హాయిగా ఉంది,” అంటూ ఆయన అటు జరిగారు. అత్తయ్య ఒక్క నిమిషం కుర్చీలో కూర్చుని చూసింది, కుదరలేదు. శిష్యుడి భార్యతో “వంటిల్లెక్కడమ్మా?” అని కనుక్కుని కిందికి దిగిపోయింది. మెట్ల మీద నుంచి కేక వచ్చింది: “రెండు ఓడలు!”

జర్మనీ ఆడింది కళ్ళజోడు పెట్టుకున్న ఒక అమ్మాయి. నాకంటే చిన్నది, గట్టిగా మాట్లాడుతుంది. మొదటి వంతు రష్యాది. ‘సిపాయిలు ఎనిమిది మంది, అందరూ మాస్కో ముందుకి’ అన్నాను. “వినపడలేదండి,” అందామె. మళ్ళీ చెప్పాను. “ట్యాంకు ఒక్కటీ కొనరా?” అంది ఆశ్చర్యంగా. నేను తల అడ్డంగా ఊపబోయి, మావయ్య చూస్తున్నారని గుర్తొచ్చి “కొనను” అన్నాను.

మూడు రౌండ్లు వెనక్కి వస్తూనే ఉన్నాను. ఆ అమ్మాయి ఉక్రెయిన్ తీసుకుంది, ఇంకా ముందుకి వచ్చింది. నాలుగో రౌండులో మాస్కో గుమ్మంలో నిలబడి నా సిపాయిల్ని లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. నాకూ అప్పుడే కనిపించింది, ఆమె గుంపు నేను ఇన్నేళ్ళూ చూసిన గుంపు కంటే సన్నగా ఉంది. ప్రతి ఆదివారం ఈ చోట మావయ్య ఆలోచించకుండా పాచికలు విసిరేసేవారు. ఇవాళ ఆమె పాచికలు చేతిలో పట్టుకుని వెయ్యకుండా ఆలోచిస్తోంది.

వేసింది. నా వైపు తొమ్మిదిమంది మిగిలారు.

ఆరో రౌండు మొదలయ్యేసరికి మా తిరుగు బండికి టైమైంది. మెట్ల కింద నుంచి అత్తయ్య ఓడలు ఫ్రాన్సు తీరానికి వచ్చేశాయి. ‘ఇక ఆడక్కర్లేదండి, మీదే’ అని శిష్యుడు తనే బొమ్మలు తీశాడు. “ఎక్కడ నేర్చుకున్నారండీ?” అని అడిగింది కళ్ళజోడు అమ్మాయి.

“రేపల్లెలో,” అన్నాను, వినపడేలా.

మావయ్య జేబులోంచి రుమాలు తీసి మూతి దాకా తెచ్చి, నన్ను చూసి, దాంతో కళ్ళజోడు తుడుచుకున్నారు.

తెనాలిలో దిగేసరికి రేపల్లె బండి సిద్ధంగా ఉంది. ముగ్గురినీ ఎక్కించి కిటికీ దగ్గర నిలబడ్డాను. బాబాయ్ గారు అత్తయ్యకి జపాను ఎందుకు ఓడిందో వివరిస్తున్నారు. ఆవిడ పులిహోర డబ్బా మూత వెతుకుతోంది. మావయ్య దారిపొడుగునా నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఒట్టు తప్పలేదు, నిజమే. జర్మనీ ఆయన చేతికి రాలేదు, మాస్కో తీసుకోలేకపోయిన మాట లేదు. కానీ ఆయన గెలిచిన ఆదివారాలన్నీ నేను ఆ ఉదయం ఒక్క పేజీతో లాగేసుకున్నాను. ఇక ఆయనకి ఆ బల్ల దగ్గర కూర్చోబుద్ధవుతుందా? అది అడగడం నా వల్ల కాలేదు. ఇంకోటి అడిగాను.

“మావయ్యా, వచ్చే ఆదివారం బోర్డు దిద్ది పెట్టనాండి?”

బండి కదిలింది. ఆయన కిటికీ ఊచల మధ్య నుంచి వేలు చూపించారు, క్లాసులో వెనక బెంచీకి చూపించినట్టు.

“వచ్చే ఆదివారం రష్యా నేనాడతా, జర్మనీ నువ్వాడు. ఆ ఎర్రగుండీ మాత్రం ఉన్నచోటే ఉండాలి, తీశావంటే ఊరుకోను!”